ఊటీ రూములో ఎర్తు

అది కాదక్కా, బత్తాయిలు అమ్ముకునేవాడు కూడా నన్ను చూసి నవ్వుతుంటే నేనేం కావాలి చెప్పు? ఆసుపత్రి గేటు దగ్గర ఆగి అరడజను ఇవ్వమన్నా. ఇచ్చాడు. ఇచ్చి చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. "తగలబాకు సత్తారన్నా, షాకు కొడతావు" అంటాడు! పక్కన సోడాబండోడు ఒకటే ఇకిలింపు.

ఇరవయ్యేళ్ళుగా నన్ను కరెంటు సత్తారు అన్న నరసరావుపేట ఇది. నాలుగంటే నాలుగు రోజుల్లో షాకు సత్తారునైపోయా.

లేవబాకు కోటమ్మక్కా, లేవబాకు. పడుకో. నేనీ స్టూలు మీద కూర్చుంటా. దీనికి ఒక కాలు పొట్టి. నాకు తగ్గదే దొరికింది.

చెయ్యి ఎట్టా ఉంది? పొద్దున కట్టు మార్చారా? వేళ్ళు ఆడించు, చూద్దాం. ఊఁ... ఆ రెండూ? ఆ రెండూ ఆడటంలేదా? పోన్లే, ఆడతయ్యి. డాక్టరమ్మ వారం ఆగమందిగా.

ఏందీ? ఆడినా తడిబట్ట పిండలేవు అందా? నాతో అట్టా అనలేదే మరి.

సరే, బత్తాయి వలిచిస్తా, తిను. ఊరికే తేలేదులే. నేను ఊరికే ఏదీ చెయ్యనని నీకు తెలుసుగా. పనుండే వచ్చా.

రేపు పొద్దున గుంటూరు నుంచి ఇన్‌స్పెక్టరు వస్తన్నాడు. పోలీసు కాదు, భయపడబాకు. కరెంటు ఇన్‌స్పెక్టరు. మనిషికి షాకు కొట్టి ఆసుపత్రిలో పడితే వాళ్ళొచ్చి రాసుకుపోవాలంట. ముందు మిల్లు నరసింహారావుగారింటికి పోయి ఆ ఉతుకుడు గది చూస్తాడు. ఆడ్నుంచి తిన్నగా నీ మంచం దగ్గరికే. "ఏమ్మా కోటమ్మా, ఎట్టా జరిగింది?" అంటాడు.

నువ్వు ఒక్క మాట చెప్పాలి. "చెయ్యి తడిగా ఉంది బాబూ, తడిచేత్తో మిషను ముట్టుకున్నా" అని. అంతే. అందులో అబద్ధమేముంది? బట్టలుతికే మనిషికి చెయ్యి తడవకుండా ఎట్టా ఉంటది? పొడిచేత్తో ఉతికినోళ్ళని ఎవరన్నా చూశారా?

అట్టా చూడబాకక్కా.

నా పర్మిట్టు పోద్ది. అదే, వైర్‌మన్ పర్మిట్టు. అద్దం కట్టించి గోడకి తగిలించా, చూశావుగా? మా కుల్సుం శుక్రవారం శుక్రవారం దాన్ని తడిగుడ్డతో తుడుస్తది. ఇరవయ్యేళ్ళ కాపురంలో నన్నంత శ్రద్ధగా చూసింది లేదు. అది పోయిందనుకో, ఇంక నేను ఎవరింట్లో బల్బు మార్చినా దొంగపనే. పిల్లలు ఇంకా బళ్ళోనే ఉన్నారు. నాకు వేరే పని రాదు. ఇది మాత్రం వచ్చా అని అడగబాకు.

అయినా మనం దేనికి తప్పు మీదేసుకోవాల? తప్పంతా ఆ ఇంజనీరుది. బెజవాడాయన. నరసింహారావుగారి ఇల్లు కట్టేటప్పుడు ప్లాను గీసి, వంటింటి వెనకాల గదిలో ఇంగ్లీషులో ఏదో రాశాడు. హనుమాయమ్మగారు కూడబలుక్కోని "ఊ...టి..." దాకా చదివి, "ఆఁ, ఊటీ!" అంది. పెద్ద మిల్లు ఆయన భార్య అంటే కాదనేదెవరు? ఆ రోజు నుంచి ఇంటిల్లిపాదికీ అది ఊటీ రూము.

పైన రేకులు, పడమటి గోడ. మే నెల్లో లోపల చెంబుడు నీళ్ళు పెడితే స్నానానికి కాగబెట్టక్కర్లేదు. దాని పేరు ఊటీ! నువ్వేగా ఓ రోజు మీ ఆయనకి "ఊటీ పోయొస్తా, అన్నం వండి పెట్టు" అని చెప్పి వచ్చింది? ఆయన నోరు తెరుచుకోని చూశాడని నువ్వే చెప్పి నవ్వావు.

నవ్వావా? అమ్మయ్య. నాలుగు రోజులకి నవ్వావు.

ఈ ఏడు శివరాత్రి తిరనాళ్ళయిన వారానికి ఆ బట్టలుతికే మిషను దిగింది చూడు. అప్పుడు ఆమె బీరువాలోంచి ఆ ప్లాను తీసి నా చేతికిచ్చింది. "ఊటీ రూముకి కరెంటు ఎట్టా ఇవ్వాలో ఇంజనీరుగారు ఆనాడే పక్కన రాశారు, చదువుకో సత్తారూ" అంది. చదువుకోవాలంట! నాకు ఇంగ్లీషులో వచ్చినవి మూడు మాటలు. ఆన్, ఆఫ్, డేంజరు. మూడోది పుర్రె బొమ్మ చూసి గుర్తుపడతా.

ఒప్పుకున్నానా? నేనా? అప్పుడే కోటప్పకొండ నుంచి వచ్చినోణ్ణి! తిరనాళ్ళకి లేపే తొంభై అడుగుల వెదురు ప్రభకి బల్బులు కట్టి, జనరేటరు దగ్గర కుర్చీ వేసుకోని కూర్చుంటే, పల్నాడంతా వచ్చి నా లైట్లు చూసిపోయింది. అంతటి మొనగాణ్ణి నాకు చదువు రాదంటానా? కాయితాన్ని కాసేపు దగ్గర పెట్టుకోని, కాసేపు దూరం పెట్టుకోని, "ఆహా! అట్టా రాశాడా! పనోడే" అన్నా.

అందులో ఒక్క మాట ఆమె పైకి చదివింది. "ఎర్త్ ఉండాలంట సత్తారూ. మనకి ఉందా?"

"ఎందుకు లేదమ్మా! మొన్ననేగా పెట్టా" అన్నా.

అక్కడ చచ్చానక్కా. అంటే, చావబోయింది నువ్వనుకో.

ఎర్తంటే ఏందో నీకు తెలుసుగా? మన ఊళ్ళల్లో ఎవరినడిగినా చెప్తారు. స్తంభం మీంచి ఇంటికి రెండు తీగలొస్తయ్యి. ఒకదాంట్లో కరెంటు వచ్చిద్ది, రెండోదాంట్లో తిరిగిపోద్ది. ఆ తిరిగిపోయే తీగకి పట్టు వదిలితే లైట్లు గుడ్డిగా వెలుగుతయ్యి. అప్పుడు మనమేం చేస్తాం? పెరట్లో ఒక ఇనపకడ్డీ దిగ్గొట్టి, దానికి తీగ కట్టి, కరెంటుని భూమిలోంచి పొమ్మంటాం. లైటు భగ్గుమంటది. ఎండకి నేల ఎండి మళ్ళీ గుడ్డిదయితే కడ్డీ మొదట్లో బిందెడు నీళ్ళు పోస్తాం. "ఒరేయ్, ఎర్తుకి నీళ్ళు పొయ్యండ్రా, చీకటిగా ఉంది" అని అరవని ఇల్లుందా రొంపిచెర్ల నుంచి మాచర్ల దాకా? మీ ఇంట్లో పెట్టిందీ నేనేగా.

నరసింహారావుగారింట్లో కూడా అంతకు నెల ముందే లైట్లు మసకబారినయ్యి. స్తంభం మీద తీగ వదులైంది. నేను కరెంటాఫీసుకి పోయి చెప్పాల. చెప్తే వాళ్ళొచ్చి బిగిస్తారు, అయిపోద్ది. కానీ అప్పుడు మంచిపేరు వాళ్ళకి పోద్దిగా! అందుకని చెప్పలా. ఊటీ రూము వెనకాల కడ్డీ దిగ్గొట్టా. ఇల్లంతా తెల్లగా వెలిగింది. హనుమాయమ్మగారు కాఫీ ఇచ్చింది, స్టీలు గ్లాసులో. ఆ గ్లాసుకి పడిపోయా.

మిషను ప్లగ్గుకి మూడు పుల్లలున్నయ్యి. మూడోది లావుగా ఉంటది, ఎర్తు పుల్ల. దానికి పచ్చతీగ కట్టి ఎర్తుకి కలపాల. నేను తీసుకపోయి ఆ కడ్డీకే కలిపా. ఎర్తంటే ఎర్తే కదా, ఇంటికి ఎన్ని ఎర్తులు కావాల?

మిషను దిగిన రోజు నీకు గుర్తుందా? టెంకాయ కొట్టారు, పసుపు రాశారు, బొట్టు పెట్టారు. వీధి వీధంతా పెరట్లోనే ఉంది. నువ్వు గుమ్మం అవతల నిలబడి చూస్తన్నావు. పన్నెండేళ్ళు ఆ ఇంటి మూటలు కాలవకి మోసినదానివి. హనుమాయమ్మగారు నీ వంక తిరిగి, "ఇంక నీకు శ్రమ తప్పిందిలే కోటమ్మా" అంది. రేపట్నుంచి రావొద్దని అర్థం. నేను ఆడే ఉన్నా. నీ మొహం వంక చూడాలంటే ఇబ్బందేసి ప్లగ్గు బిగిస్తా కూర్చున్నా. బిగిసిన ప్లగ్గునే మళ్ళీ బిగించా.

నాలుగు రోజులకే ఆమెకి నడుం పట్టింది. అది సగం మిషనాయె! ఒక తొట్లో తిప్పి, తడిబట్టలు చేత్తో ఎత్తి, ఇంకో తొట్లో వేస్తేగాని నీళ్ళు పిండదు. ఎత్తేదెవరు? మళ్ళీ కోటమ్మే దిక్కు. నువ్వు తిరిగొచ్చి రెండు రోజుల్లో అన్ని మీటలూ నేర్చుకున్నావు. నేను చెప్పింది చెప్పినట్టు చేశావు. తొట్లో చెయ్యి పెట్టేముందు గోడమీద స్విచ్చి తియ్యమన్నా, కరెంటు ఆగిద్దని. తీశావు. ఒక్కరోజు కూడా మర్చిపోలా.

ఆ మాట వదిలేయ్ ఇప్పుడు. ఇన్‌స్పెక్టరుకి ఆ స్విచ్చి సంగతి చెప్పక్కర్లేదు.

ఎందుకేంది? చెప్పొద్దంటన్నాగా.

తిను, ఇంకో తొన తిను. గింజ ఉంది, చూసుకో.

నువ్వు నాకు చెప్పావని కూడా అనబాకు. మూడుసార్లు చెప్పావు కదా... అదే అంటన్నా. మొదటిసారి, ఎండలు ముదిరిన కొత్తల్లో, "చిమచిమమంటందిరా సత్తారూ, చీమలు పాకినట్టుంది" అన్నావు. నేనేమన్నా? "కొత్త మిషనక్కా, నీతో పరిచయం లేదు, సిగ్గుపడతంది" అన్నా. వంటింట్లో ఉన్న ఆడోళ్ళంతా నవ్వారు. వాళ్ళు నవ్వితే నాకు సంబరం. ఇంకో రెండు జోకులు వేశా కూడా, అవి గుర్తులేవు.

రెండోసారి చేతిమీద వెంట్రుకలు లేస్తన్నయ్యని చూపించావు. "నరాల బలహీనత, వయసొచ్చిందిగా" అన్నా. డాక్టరునయ్యా ఆ పూట.

మూడోసారి నీకు కోపమొచ్చింది. నా చెయ్యి పట్టుకోని లాక్కపోయి మిషను మీద పెట్టావు. నాకేం తెలియలా. "చూశావా? నీ భ్రమ" అన్నా. అప్పుడు నా కాళ్ళకేమున్నయ్యో చూశావా? రబ్బరు చెప్పులు! హనుమాయమ్మగారు లోపలికి చెప్పులతో ఎవర్నీ రానివ్వదు, నిన్నయితే చెప్పులతో అసలే రానివ్వదు. నన్ను మాత్రం "కరెంటు పనాయె, వేసుకోనియ్యిలే" అంటది. చెప్పులేసుకోని నేనూ, తడినేల మీద ఒట్టికాళ్ళతో నువ్వూ. నీకు తగిలిద్ది గాని నాకెందుకు తగిలిద్ది? వైర్‌మన్నంట! పదో క్లాసు పిల్లోడికి కూడా తెలిసిద్ది.

తెలియకేం, నాకూ లోపల ఎక్కడో తెలిసింది. అందుకేగా మర్నాడు మా ఇంట్లో పీట తెచ్చి నీ కాళ్ళకింద వేసింది? "దీనిమీద నిలబడి చెయ్యి. దిగావో, నా పూచీ లేదు" అన్నా. తీగ విప్పి చూడాల్సినోణ్ణి, పీట వేసి చేతులు దులుపుకున్నా. ఒప్పుకోని తీగ విప్పితే, ఇన్నాళ్ళూ చూడలేదని హనుమాయమ్మగారికి తెలిసిపోద్దిగా. పీటయితే ఎవరికీ తెలియదు.

ఆ అరటిమొక్కలు లేకపోతే ఇంత దాకా వచ్చేది కాదు, అది కూడా చెప్పుకోవాల. మిషను నీళ్ళు అంతకుముందు ఆ కడ్డీ మొదట్లోకే పొయ్యేవి. నేల ఎప్పుడూ బురదగా ఉండేది, కరెంటు భూమిలోకి దిగిపొయ్యేది. సబ్బునీళ్ళు ఊరికే పోతన్నయ్యని ఆమె సిమెంటు కాలవ కట్టించి అటు అరటిమొక్కలకి మళ్ళించింది. మన నేలసంగతి తెలియందేముంది? అడుగున్నర కింద రాయి. పది రోజులకి కడ్డీ చుట్టూ నెర్రెలిచ్చింది. ఇంట్లో ఫ్రిజ్జు, ఫ్యాన్లు, లైట్లు వాడుకున్న కరెంటంతా తిరిగిపోవడానికి ఆ కడ్డీ దగ్గరికే రావాల. వచ్చి, భూమి తీసుకోకపోతే యాడికి పోద్ది?

కడ్డీకి కట్టిన పచ్చతీగ పట్టుకోని మిషను ఒంట్లోకి పోద్ది. నేనే దారి వేసిపెట్టాగా.

ఆ మొక్కల్ని నేను చూశా. కాలవ కట్టేటప్పుడు ఆడే నిలబడి మేస్త్రీకి సలహా కూడా ఇచ్చా, "వాటం సరిగ్గా చూడు" అని. అంత తెలివి.

మంగళవారం ఏం జరిగిందో నువ్వు చెప్పక్కర్లా, నాకు చెప్పారు. కుడిచెయ్యి తొట్టి అంచుమీద. ఎడమచేత్తో కుళాయి కట్టెయ్యబోయావు. రెండు చేతులూ అతుక్కపోయినయ్యి. గొంతు రాలేదంట కదా? వంటింట్లో మిక్సీ మోగతంది, వాళ్ళకి వినపడలా. ఎంతసేపో ఎవరికీ తెలియదు. సరిగ్గా పదికి కరెంటు పోయింది. కోత. ఈ వేసవంతా ఊరు ఊరంతా తిట్టిన కోత! నేను అందరికంటే ఎక్కువ తిట్టా, మనకి పేరు తెచ్చే లైట్లు ఆర్పేస్తందని. అది పోబట్టే నువ్వు చేతులు విడిపడి కిందపడ్డావు. రాయి తగిలి నుదురు పగిలితే పగిలింది. మనిషివి దక్కావు.

ఇరవయ్యేళ్ళు కరెంటు ఇచ్చినోణ్ణి నేను, కరెంటు లేకపోబట్టి బతికావు నువ్వు. యా అల్లా, ఏం చెప్పుకోవాల ఈ బతుకు గురించి?

ఫ్యూజు ఎందుకు ఎగరలేదంటావా? అది కూడా నా ఘనతే. మిక్సీ, మిషను కలిపి వేస్తే ఎగిరిపోతందని ఆమె నన్ను అన్నం ముందునుంచి పిలిపించేది. రెండుసార్లు చూశా. మూడోసారి సన్నతీగ తీసేసి నాలుగు పోగులు మెలేసిన రాగితీగ వేశా. "ఇంక జన్మలో ఎగరదమ్మా" అన్నా. మాట మీద నిలబడ్డా చూడు.

నవ్వబాకు. నుదుటి కుట్లు లాగుతయ్యి.

ఇంకో సంగతి చెప్పాలి. ఇది నువ్వొక్కదానివే వినాల. కుల్సుంకి కూడా చెప్పలా.

నిన్ను జీపులో ఎక్కించుకోని ఆసుపత్రికి తీసుకొచ్చారు చూడు, ఆ మధ్యాహ్నం కరెంటొచ్చాక నేనా గదిలోకి పోయా. అందరూ ఇక్కడే ఉన్నారు, ఇల్లు ఖాళీ. బల్బు హోల్డరుకి రెండు తీగలు కట్టుకుపోయా. ఒకటి మిషను ఒంటికి ఆనించా, ఇంకోటి కుళాయికి. వెలిగిందక్కా. ఎంత బాగా వెలిగిందో! స్విచ్చి వంక చూశా. తీసే ఉంది. నువ్వు తీసినట్టే, నేను చెప్పినట్టే, తీసే ఉంది. స్విచ్చి తీస్తే ఆగేది కాదుగా అది. ఎర్తు తీగకి స్విచ్చి ఉండదు.

తీగలు గబుక్కున లాగేశా. నిజం చెప్పాలంటే నీకోసం భయపడలా ముందు. పర్మిట్టు కోసం భయపడ్డా. నువ్వు గుర్తొచ్చింది ఆ తర్వాత. ఎంత తర్వాతో అడగబాకు.

బయటికొచ్చి, ఆ కడ్డీ పీకేశా. గోనెసంచిలో చుట్టి తీసుకపోయి మా మేకల కొట్టంలో చూరుకింద దోపా. ఫ్యూజులో సన్నతీగ వేశా. పచ్చతీగ కోసేశా. లైట్లు మసకబారితే ఓల్టేజీ తగ్గిందనుకుంటారు. రేపు ఇన్‌స్పెక్టరొచ్చి చూస్తే ఆడ ఏం ఉండదు. శుభ్రంగా ఉంటది. నీ మాటే మిగిలిద్ది.

అందుకనే బత్తాయిలు.

అదేందో, బుద్ధి ఊరుకోక నిన్న ఆ ప్లాను కాయితం అడిగి తీసుకోని ఆనందరావు మాస్టారి దగ్గరికి పోయా. సైన్సు చెప్తాడే, ఆయన. "కాస్త చదివి తెలుగులో చెప్పండి సార్" అన్నా. ఆ గది ఊటీ కాదంట, యుటిలిటీ అంట, ఇంటిపనుల గది. మొత్తం అయిదు వరసలు. మిషనుకి మీటరు దగ్గర్నుంచి వేరే తీగ లాగాలంట. దానికి వేరే ఫ్యూజు. ప్లగ్గు కుళాయికి దూరంగా, నడుం ఎత్తున పెట్టాలంట. ఎర్తుకి వేరే గుంట తవ్వి, అడుగున రేకు పెట్టి, బొగ్గూ ఉప్పూ పొయ్యాలంట. చివర్న ఒక వరస కింద గీత కూడా గీశాడు ఇంజనీరు. "ఈ ఎర్త్‌ని తిరుగు తీగకి ఈ ఇంట్లో ఎక్కడా కలపరాదు" అని.

"అట్టా కలిపేవాడు ఎవడుంటాడు సార్?" అని అడిగా మాస్టార్ని, నవ్వుతా.

"ఎవడూ కలపడులే, చదువు రానివాడైతే తప్ప" అన్నాడాయన. నా మీద కాదులే. మామూలుగా అన్నాడు.

మన ఎర్తు వేరంటక్కా, ఆ కాయితంలో ఎర్తు వేరంట. మనది లైటు వెలిగించడానికి. అది మనిషిని కాపాడటానికి. మాట ఒకటే కాబట్టి రెండూ ఒకటేననుకున్నా. ఇరవయ్యేళ్ళ నుంచి అనుకుంటన్నా. రాత్రికి రాత్రి లెక్కేస్తే మిషన్లు, మోటార్లు, ఇస్త్రీపెట్టెలు అన్నీ కలిపి నేనట్టా కట్టినవి పదమూడు ఇళ్ళు తేలినయ్యి. ముప్పాళ్ళలో మా చెల్లెలిల్లు ఒకటి.

ఏమక్కా, నన్ను తిట్టవేం? తిట్టు. తిడితే నాకు తేలిగ్గా ఉంటది. తిట్టి, రేపు ఆ ఒక్కమాట చెప్పు. చెయ్యి తడిగా ఉంది, అంతే. నీకెట్టాగూ ఆ ఇంట్లో పని...

ఏందీ?

చెప్పావా? ఎప్పుడు? పొద్దున హనుమాయమ్మగారొచ్చిందా ఇక్కడికి? ఏం చెప్పావు?

"తప్పు నాదేనమ్మా" అన్నావా?

నాకోసం చెప్పావా? మా పిల్లలు గుర్తొచ్చి చెప్పావా?

కాదా? మరి?

పీట దిగావని! సత్తారు దిగొద్దన్నాడు, కుళాయి అందక నేను దిగా, అందుకే కొట్టింది అని... నువ్వు నిజంగానే అట్టా అనుకుంటన్నావా? నాలుగు రోజుల్నుంచి ఆ మంచం మీద పడుకోని అదే అనుకుంటన్నావా?

ఇంతసేపూ నేను చెప్పింది విన్లేదా నువ్వు? ఎర్తు, కడ్డీ, పచ్చతీగ...

విన్నావా. విని కూడా "నువ్వు చెప్పిన మాట వినకపోవటం నాదే తప్పుగా" అంటావా! నన్ను ఓదారుస్తన్నావా? కట్టు కట్టిన చేత్తో నా భుజం తడతావేంది, తియ్యక్కా చెయ్యి, నొప్పెడతది!

ఆమేమంది? చెప్పు, దాచబాకు. "ఇంక రావొద్దులే" అందా? ఇస్త్రీ బట్టలకి కూడానా? పన్నెండేళ్ళు చేసిన మనిషిని పీట దిగిందని...

నేను కోరిందంతా జరిగిపోయిందన్నమాట. నేను రాకముందే. బత్తాయిలు కూడా దండగ.

లేదు. అట్టా కాదు. ఇటు చూడక్కా. కూర్చో, దిండు పెడతా, ఇట్టా ఆనుకో. పీట నేను వెయ్యకూడదు. అది లేకుండానే, తడికాళ్ళతో, తడిచేతుల్తో నువ్వా మిషను కావిలించుకున్నా నీకేం కాకూడదు. తీగ సరిగ్గా కట్టటమంటే అదే. తడి నీ పనిలో ఉండేదేగా! దానికి తగ్గట్టు కట్టాల్సింది నేను.

రేపు ఆయనొచ్చి అడిగితే చెప్పు. కాదు, అది కాదు, ఇందాక చెప్పింది మర్చిపో. "సత్తారు ఎర్తు తప్పు కట్టాడు. మూడుసార్లు చెప్పినా వినలేదు" అను. పెద్ద మాటలేం కావుగా. నేను అంటా, నా వెనక అను. "సత్తారు..." ఊఁ, అను. "సత్తారు ఎర్తు..."

తల అడ్డంగా ఊపుతావేంది? పర్మిట్టు సంగతి నేను చూసుకుంటాలే. ఏం చూసుకుంటానో నాకే తెలియదనుకో. ప్రభ కట్టే చోట మూటలన్నా మోస్తా. ముందు ఆ పదమూడు ఇళ్ళకీ పోయి తీగలు విప్పాల. లైట్లు గుడ్డివైనయ్యని కర్ర తీసుకోని తరుముతారేమో. తరమనీ.

ఒక్కసారి అనక్కా. నీ నోటితో వినాలి నేను.

అనవా?

సరే. ఆ గోనెసంచి తీసుకోని రేపు నేనే వస్తా. ఆయన రాసుకుంటుంటే ఇక్కడే, నీ మంచం పక్కనే నిలబడి, నేనే చెప్తా. హనుమాయమ్మగార్ని కూడా రమ్మంటా, వినాలిగా ఆమె. నువ్వు మాత్రం మధ్యలో దూరి, పాపం సత్తారు మంచోడు బాబూ అని అడ్డం పడబాకు. దణ్ణం పెడతా.